ఎడారిలో వేసవి నడక: అమ్మానాన్నలతో డెలికేట్ ఆర్చ్ ఎక్కడం ఎలా?

"రెంటచింతల ఎండ చూసినవాణ్ణి. నాకు ఇదొక ఎండా?"

మా నాన్న ఈ మాట అన్నది యూటా రాష్ట్రంలోని ఆర్చెస్ నేషనల్ పార్కులో, జూన్ నెలలో, పొద్దున పదకొండు గంటలకు. ముప్పావుగంట తర్వాత ఓ బండ పక్కన జానెడు నీడలో కూలబడి, "అమ్మాయ్, కళ్ళు తిరుగుతున్నాయి" అన్నారు. నలుగురు మనుషులం, మూడు అరలీటరు సీసాలు. అందులో రెండు అప్పటికే ఖాళీ. పైనుంచి దిగి వస్తున్న ఒక ముసలి దంపతులు ఆగి, తమ సంచిలోంచి ఒక నీళ్ళ సీసా, గుప్పెడు ఉప్పు బిస్కెట్లు ఇచ్చారు. పావుగంట కూర్చోబెట్టి నెమ్మదిగా కిందకు దించాం. మేం చూడాలని వచ్చిన డెలికేట్ ఆర్చ్‌ను, అంటే కమానులా వంగి నిలిచిన ఆ రాయిని, చూడకుండానే డెన్వర్‌కు తిరిగొచ్చాం.

రెండేళ్ళ తర్వాత అదే జూన్‌లో, అదే నాన్నతో, అదే బాట ఎక్కి దిగాం. ఎవరికీ ఏమీ కాలేదు. ఈ రెండు ప్రయాణాల మధ్య ఏం మార్చామో చెబుతాను. "ఎడారికి వేసవిలో ఎందుకు, అక్టోబరులో వెళ్ళండి" అనేవాళ్ళు సరైన మాటే అంటారు. కానీ పిల్లలకు సెలవులు వేసవిలో. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చేదీ ఎక్కువగా వేసవిలోనే. కాబట్టి వెళ్ళేది వేసవిలోనే అనుకుని మొదలుపెడదాం.

ముందు ఆ ఎండ సంగతి తెలుసుకోండి

మోయబ్ ఊరికి ఐదు మైళ్ళ దూరంలో ఉంటుంది ఈ పార్కు. జూలైలో అక్కడ పగటి వేడి సగటున 100 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఉంటుంది. మన లెక్కలో 38. పల్నాడులో పుట్టి పెరిగినవాళ్ళకు 38 అంటే మే నెలలో కాస్త చల్లబడ్డ రోజు. మోసపోయేది ఇక్కడే. ఎండ తెలియనివాడు భయపడి జాగ్రత్తగా ఉంటాడు. ఎండ తెలిసినవాళ్ళం మనమే ధీమాగా బయల్దేరతాం.

మన దగ్గర ఎండను ఎలా కొలుస్తాం? చెమటతో. చొక్కా వీపుకు అంటుకుంటే, మొహం మీద కారుతుంటే, "అబ్బ, ఏం ఉక్కపోతరా" అనుకుని నీడకు పోతాం, మంచినీళ్ళు అడుగుతాం. ఎడారిలో ఆ గుర్తు కనిపించదు. గాలిలో తేమ ఎంత తక్కువంటే చెమట పట్టిన క్షణంలోనే ఎగిరిపోతుంది. ఒళ్ళు పొడిగా ఉంటుంది, గాలి కూడా వీస్తుంటుంది, హాయిగానే ఉన్నట్టు అనిపిస్తుంది. లోపల నీరు మాత్రం తరిగిపోతూనే ఉంటుంది. ఆ మొదటిసారి నాన్న వేసుకున్న నల్ల టీషర్టు వీపు మీద, మడిలో ఆరిన ఉప్పులాగా తెల్లటి గీతలు వరసలు కట్టి ఉన్నాయి. అది చూశాకే మాకు అర్థమైంది. చెమట పట్టలేదనుకున్నాం. పట్టింది, ఆరింది, ఉప్పు మిగిలింది.

దీనికి తోడు రాయి. బాటలో సగానికి పైగా బోడి బండ మీదే నడవాలి. చెట్టు నీడ లేదు. మధ్యాహ్నానికి ఆ బండ పెనంలా కాలి, పైనుంచి వచ్చే వేడి చాలదన్నట్టు కిందనుంచీ కొడుతుంది.

అందుకని ఇక్కడ ఒళ్ళు చెప్పేదాకా ఆగకూడదు. దప్పికను కాదు, గడియారాన్ని నమ్మాలి.

ఎవరు ఎక్కాలి, ఎవరు కింద ఉండాలి

డెలికేట్ ఆర్చ్ బాట రానూపోనూ 3 మైళ్ళు, అంటే దాదాపు 5 కిలోమీటర్లు. ఎక్కాల్సిన ఎత్తు 480 అడుగులు. తిరుపతి మెట్లు ఎక్కినవాళ్ళు ఇది విని నవ్వుతారు. నవ్వండి. కానీ మెట్ల దారిలో కప్పు ఉంటుంది, కొళాయి ఉంటుంది, అడుగడుక్కీ కొట్టు ఉంటుంది. ఇక్కడ బాట మొదలయ్యే వుల్ఫ్ రాంచ్ దగ్గర కూడా తాగునీళ్ళు లేవు. పార్కులో నీళ్ళు పట్టుకోగలిగేది ముఖద్వారం దగ్గరి విజిటర్ సెంటర్లోనూ, రోడ్డు చివరన ఉన్న డెవిల్స్ గార్డెన్‌లోనూ. తిండి అమ్మే కొట్టు పార్కు మొత్తంలో లేదు. పెట్రోలూ లేదు.

ఇంట్లో పెద్దవాళ్ళు వేసుకునే మందులు ప్రయాణానికి ముందే ఓసారి చూడండి. బీపీకి ఇచ్చే నీటి మాత్రలు ఒంట్లో నీటిని తగ్గిస్తాయి. గుండె వేగాన్ని తగ్గించే కొన్ని మాత్రలు ఒళ్ళు వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. మానేయమని కాదు, ఆ పని అస్సలు చేయొద్దు. ఇండియాలోని డాక్టరుకు ఫోన్ చేసి, "ఇలా ఎండలో మూడు గంటలు నడవాలి, ఏం చేయమంటారు?" అని అడగండి. మా నాన్న మందుల సంగతి మొదటిసారి మేం అడగనే లేదు. ఇన్సులిన్ వాడేవాళ్ళు ఉంటే దాన్ని కారులో వదలకండి. తలుపులు వేసిన కారు పొయ్యి మీద గిన్నెతో సమానం.

మోకాళ్ళ నొప్పులున్న అమ్మకో, అత్తగారికో "నువ్వు కారులో కూర్చో" అని చెప్పాల్సిన పనిలేదు. వుల్ఫ్ రాంచ్ దాటి ఇంకొక మైలు వెళితే డెలికేట్ ఆర్చ్ వ్యూపాయింట్ ఉంది. కారు దిగి వంద గజాలు నడిస్తే చాలు, లోయకు అవతల ఆర్చ్ కనిపిస్తుంది. దూరంగా, చిన్నగా కనిపిస్తుంది. అయినా కనిపిస్తుంది. బైనాక్యులర్స్ ఉంటే తీసుకెళ్ళండి.

ముందురోజు సాయంత్రం పనులు

సగం ప్రయాణం ఇక్కడే అయిపోతుంది. మోయబ్‌లో బస చేసినప్పుడు ఫ్రిజ్‌లో ఐసు పెట్టుకునే అర ఉన్న గది అడిగి తీసుకోండి. మనిషికి రెండు లీటర్లు బాట మీద మోయడానికి, భారీ మనుషులకు మూడు. ఇవి కాక కారు వెనకాల రెండు గ్యాలన్ల డబ్బాలు. బాట మీదికి తీసుకెళ్ళే సీసాల్లో సగం సీసాలను ముప్పావు వంతు వరకే నింపి గడ్డ కట్టించండి. నిండా నింపితే పగులుతాయి. పొద్దున ఎనిమిదింటి ఎండలో గోరువెచ్చటి నీళ్ళు ఎవరికీ గొంతు దిగవు. చల్లగా ఉంటే అడక్కుండానే తాగుతారు.

నీళ్ళతో పాటు ఉప్పు. కడుపు నిండా ఉత్త నీళ్ళే తాగుతూ ఉప్పు తగలకపోతే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, తికమక మొదలవుతాయి. చూడటానికి అచ్చం వడదెబ్బలాగే ఉంటుంది, ఇంకాసిని నీళ్ళు తాగిస్తే ఇంకా ముదురుతుంది. అమ్మ ఇండియా నుంచి తెచ్చిన ఓఆర్‌ఎస్ పొట్లాలు ఉంటే వాటికి మించింది లేదు. పొట్లం మీద ఎన్ని నీళ్ళు రాసి ఉంటే అన్ని నీళ్ళలోనే కలపండి, రుచి బాగాలేదని పలచన చేయడం, తొందరగా పనిచేస్తుందని చిక్కగా కలపడం రెండూ వద్దు. షుగరు ఉన్నవాళ్ళకు అందులో గ్లూకోజు ఉంటుందని గుర్తుంచుకోండి. వాళ్ళకు నిమ్మకాయ పిండి, ఉప్పు వేసిన నీళ్ళు నయం. బీపీకి ఉప్పు తగ్గించమన్నవాళ్ళకు ఎంతవరకు పర్వాలేదో ఆ డాక్టరు ఫోన్లోనే అడిగేయండి.

తిండికి పులిహోర. మా ఇంట్లో దీనిమీద వాదన లేదు. చింతపండు పులిహోర తొందరగా చెడదు, ఉప్పుంటుంది, కారులో కూర్చుని చేత్తో తినొచ్చు. బాట మీద నమలడానికి జంతికలు, వేరుశనగ గుళ్ళు. పెరుగన్నం, మజ్జిగ మాత్రం ఐసు పెట్టెలోంచి బయటికి రాకూడదు, దిగివచ్చాక వాటి పని. చాక్లెట్ బార్లు కొనకండి, అవి కవరులోనే పాయసం అయిపోతాయి.

బట్టల సంగతి. లేత రంగు, వదులు, పొడుగు చేతులు, నూలు. ఎండలో చేతుల్లేని బనియన్లు వేసుకుని తిరిగే అమెరికన్ కుర్రాళ్ళను చూసి మన పిల్లలూ అడుగుతారు, వద్దనండి. అమ్మ చీరలోనే వస్తానంది. చుడీదారు వేసుకోమని ఒప్పించడానికి నాకు పొద్దుగూకింది. చివరికి ఒప్పుకున్నది ఎండ గురించి కాదు, "బండ మీద కుచ్చిళ్ళు కాలికి అడ్డం పడితే ఎట్లా?" అంటే ఒప్పుకుంది. కాళ్ళకు రబ్బరు అడుగున్న, పట్టు ఉన్న బూట్లు. ఇండియా నుంచి తెచ్చిన చెప్పులు హోటల్లో వదిలేయండి.

ఇక తువ్వాలు. దుకాణాల్లో మెడకు చుట్టుకునే చల్లటి గుడ్డలు రకరకాల పేర్లతో అమ్ముతారు. మా నాన్న పెట్టెలో ఎప్పుడూ ఉండే నూలు తువ్వాలు వాటికేం తీసిపోదు. తడిపి, పిండి, తలకు చుట్టి దానిమీద టోపీ పెట్టాలి. వేసవిలో కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టి నీళ్ళు చల్లేవాళ్ళు చూడండి, అదే సూత్రం. తడి ఆరేటప్పుడు వేడిని లాక్కుపోతుంది. కోస్తాలో ఉక్కగా ఉన్న రోజున ఈ చిట్కా అంతగా పనిచేయదు, తడి ఆరదు గనక. ఎడారి గాలికి పావుగంటలో ఆరిపోతుంది, అంటే పావుగంట పాటు నెత్తిన ఎయిర్ కూలర్ ఉన్నట్టే. ఆరగానే మళ్ళీ తడపడానికి ఒక చిన్న సీసా విడిగా పెట్టుకోండి, తాగే నీళ్ళు దీనికి వాడొద్దు.

రాత్రి సర్దుతుంటే అమ్మ ప్రతి సంచిలోనూ ఒక ఉల్లిపాయ వేసింది. జేబులో ఉల్లిపాయ ఉంటే వడదెబ్బ తగలదని. మా ఆయన ఏదో అనబోతే నేను సైగ చేశాను. ఉల్లిపాయ ఉండనివ్వండి, రెండు లీటర్ల నీళ్ళు కూడా ఉంటే సరి.

పార్కు అన్ని వేళలా తెరిచే ఉంటుంది. కొన్ని సంవత్సరాలు వేసవి రద్దీకి ముందుగా టైము రిజర్వ్ చేసుకోవాలన్న నిబంధన పెట్టారు, అప్పుడు కూడా తెల్లారకముందు లోపలికి వెళ్ళినవాళ్ళకు దాని అవసరం రాలేదు. మీరు వెళ్ళే ఏడాది ఎలా ఉందో నేషనల్ పార్క్ సర్వీస్ సైటులో ఆర్చెస్ పేజీ చూసుకోండి. ఆ రోజు వాతావరణం, బాటలు మూసి ఉన్నాయా తెరిచి ఉన్నాయా అన్నదీ అక్కడే ఉంటుంది.

తెల్లవారుజామున ఎక్కడం

నాలుగుకు లేవండి. నాలుగున్నరకు కారు కదలాలి. జూన్‌లో మోయబ్‌లో సూర్యోదయం ఆరుకు కాస్త ముందు. మోయబ్ నుంచి వుల్ఫ్ రాంచ్‌కు అరగంట పైనే పడుతుంది, కొండ ఎక్కుతూ మలుపులు తిరుగుతూ వెళ్ళే రోడ్డు. ఐదుంపావుకు బాట మీద ఉంటే, చేతిలో టార్చి ఉన్నా పది నిమిషాల్లో దాని అవసరం తీరిపోతుంది.

చాలామంది డెలికేట్ ఆర్చ్‌ను సాయంత్రం చూడమంటారు. నిజమే, పొద్దువాలే వెలుగులో ఆ రాయి నిప్పుకణికలా ఉంటుంది, క్యాలెండర్ల మీద, యూటా కార్ల నంబరు ప్లేట్ల మీద ఉండే బొమ్మ అదే. కానీ వేసవిలో రోజులో అన్నింటికన్నా ఎక్కువ వేడి నాలుగు, ఐదు గంటల మధ్య. ఆరున్నరకు ఎక్కడం మొదలుపెట్టినా బండ రోజంతా తాగిన వేడిని కక్కుతూనే ఉంటుంది. దిగేటప్పుడు చీకటి. అరవై దాటినవాళ్ళతో ఆ రెండూ ఎందుకు? ఫోటోలో రంగు కొంచెం తగ్గుతుంది, తగ్గనివ్వండి.

కారు దిగే ముందు అందరూ ఒక గ్లాసు నీళ్ళు తాగాలి. ఇక్కడ ఒక మాట ఆడవాళ్ళ కోసం. మా అమ్మ మొదటిసారి పొద్దున్నుంచీ నీళ్ళు ముట్టుకోలేదని నాకు తర్వాత తెలిసింది. "మధ్యలో బాత్రూముకు వస్తే ఎక్కడికి పోను?" అని. ఎంతమంది అమ్మలు ప్రయాణాల్లో ఇదే లెక్కతో నాలుక తడుపుకోకుండా ఉంటారో! బాట మొదట్లో వుల్ఫ్ రాంచ్ దగ్గర మరుగుదొడ్లు ఉన్నాయి, బాట మీద లేవు. ఆ సంగతి ముందే చెప్పేయండి, బయల్దేరే ముందు ఒకసారి వెళ్ళి రమ్మనండి, మూడు గంటల్లో మళ్ళీ ఇక్కడికే వస్తామని చెప్పండి. ఎండలో నడిచేటప్పుడు తాగిన నీళ్ళలో చాలాభాగం చెమటకే పోతుందని కూడా చెప్పండి. రెండోసారి అమ్మ తాగింది, ఏ ఇబ్బందీ రాలేదు.

మొదటి అరమైలు వెడల్పాటి మంచి బాట. మొదట్లోనే ఒక పాత దుంగల గుడిసె కనిపిస్తుంది. అమెరికా అంతర్యుద్ధంలో కాలికి దెబ్బ తగిలిన జాన్ వెస్లీ వుల్ఫ్ అనే ఆయన, పొడి గాలి పడుతుందని ఒహాయో వదిలి 1800ల చివర్లో కొడుకుతో ఇక్కడికి వచ్చి పశువులు పెట్టుకున్నాడు. 1906లో కూతురు వచ్చి నాన్న ఉంటున్న తీరు చూసి హడలిపోయి, నేలకు చెక్కలు పరిచిన ఈ కొత్త గుడిసె కట్టించింది. 1910లో అందరూ ఒహాయో వెళ్ళిపోయారు. "కూతురు వస్తేగానీ ఇల్లు బాగుపడలేదన్నమాట" అంది అమ్మ నాన్న వైపు చూసి. కొంచెం ముందుకెళ్తే, గుర్రాల మీద మనుషులు, కొండగొర్రెలు చెక్కిన రాయి ఉంది. యూట్ తెగవాళ్ళు 1650, 1850 మధ్య ఎప్పుడో చెక్కినవి. చేత్తో తాకకండి, పిల్లల్ని తాకనివ్వకండి.

ఆ తర్వాత బండ ఎక్కుడు. ఇక్కడ బాట అంటూ ఉండదు, చిన్న రాళ్ళు ఒకదానిమీద ఒకటి పేర్చిన గుర్తులు ఉంటాయి. ఒక గుర్తు దగ్గర నిలబడి తర్వాతిది ఎక్కడుందో చూసి నడవాలి. పిల్లలు సరదాకి కొత్తవి పేరుస్తారు, పేర్చనివ్వొద్దు, వెనక వచ్చేవాళ్ళు దారి తప్పుతారు. వేగం ఎంత ఉండాలంటే, పెద్దవాళ్ళు ఆయాసపడకుండా కబుర్లు చెప్పగలిగేంత. నాన్న మాటలు ఆపారంటే నేనూ ఆగాను. ఫోనులో ప్రతి పదిహేను నిమిషాలకూ గంట మోగేట్టు పెట్టాను. మోగినప్పుడల్లా దప్పిక ఉన్నా లేకపోయినా అందరూ నాలుగు గుక్కలు తాగాలి. గంటకు అరలీటరు నుంచి లీటరు వరకు పోవాలి. "ఇప్పుడే కదమ్మా తాగాను" అంటారు. వినకండి.

నీళ్ళ విషయంలో ఒకటే కట్టుబాటు: మోసిన నీళ్ళలో సగం అయిపోతే, ఆర్చ్ ఎంత దగ్గరున్నా అక్కడినుంచే వెనక్కి. దీన్ని హోటల్లోనే అందరి చేతా ఒప్పించండి. బండ మీద నిలబడి ఒప్పించలేరు, "ఇంకొంచెమే కదా" అంటారు. మొదటిసారి మేం అన్నది కూడా అదే.

బండ పక్కన ఇసుకనేల వచ్చినప్పుడు బాట వదిలి పక్కకు అడుగు వేయకండి. నల్లగా, పెళుసుగా, పొక్కులెక్కినట్టు ఉండే ఆ పైపొర ప్రాణమున్నది. కంటికి కనపడని సూక్ష్మజీవులు, నాచు కలిసి ఇసుకను పట్టి ఉంచే పొర అది. ఒక్క బూటు అడుగు పడితే కోలుకోవడానికి ఏళ్ళకేళ్ళు పడుతుంది.

చివరి రెండు వందల గజాలు కొండ అంచున చెక్కినట్టున్న దారి. ఒకవైపు గోడ, ఒకవైపు వాలు. దారి వెడల్పే, అయినా పిల్లల చేయి పట్టుకోండి, ఎదురుగా వచ్చేవాళ్ళుంటే గోడ వైపు పెద్దవాళ్ళను ఉంచండి. ఆ దారి తిరగగానే ఒక్కసారిగా ఆర్చ్ ఎదుటికి వస్తుంది. మధ్యలో ఖాళీయే 46 అడుగుల ఎత్తు.

నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "రోహిణి ఎండకు రోళ్ళు పగులుతాయంటారు, ఇక్కడ కొండలే పగిలాయే" అన్నారు. అయితే ఆ పని ఎండ చేసింది కాదు, ఉప్పూ నీళ్ళూ చేశాయి. దాదాపు ముప్పై కోట్ల ఏళ్ళ క్రితం ఇక్కడ ఇంకిపోయిన సముద్రం భూమి కింద మందపాటి ఉప్పు పొరను వదిలింది. పైన పేరుకున్న రాళ్ళ బరువుకు ఆ ఉప్పు కదిలి, ఉబికి, మీదున్న రాయి వరసగా నెర్రెలిచ్చింది. నెర్రెల్లోకి వాన దిగి, చలికాలం గడ్డకట్టి, కరిగి, కొంచెం కొంచెంగా గోడల్ని తొలిచింది. అలాంటి ఆర్చ్‌లు ఈ పార్కులో రెండు వేలకు పైగా ఉన్నాయి.

అరగంట కూర్చోండి. జంతికలు తినండి. ఏడుంపావుకు లేవండి. ఎనిమిదిన్నరకు కారు దగ్గర ఉండాలి.

ఒంట్లో తేడా చేస్తే

తల తిప్పడం, తలనొప్పి, వికారం, పిక్కలు పట్టేయడం, మొహం పాలిపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అక్కడికక్కడే ఆగాలి. ఏ బండ నీడో, లేకపోతే ఇద్దరు తువ్వాలు పట్టుకుని చేసిన నీడో చూసి కూర్చోబెట్టండి. కాళ్ళు కొంచెం ఎత్తులో పెట్టి, బట్టలు వదులు చేసి, మెడ, చంకలు, నుదురు తడిపి విసరండి. ఓఆర్‌ఎస్ నీళ్ళు కొంచెం కొంచెంగా తాగించండి, గటగటా తాగిస్తే వాంతి అవుతుంది. తేరుకున్నాక కూడా పైకి కాదు, కిందకే.

మాట తడబడుతున్నా, సంబంధం లేకుండా మాట్లాడుతున్నా, మనవడి పేరు మర్చిపోయినా, నడక తూలుతున్నా అది అలసట కాదు, వడదెబ్బ. వెంటనే 911కు ఫోన్ చేయండి. సిగ్నల్ చాలాచోట్ల అందదు, అందకపోతే నడవగలిగినవాళ్ళలో ఒకరిని కిందకు పంపండి, ఎదురొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పండి. సాయం వచ్చేలోపు ఉన్న నీళ్ళన్నీ ఒంటి మీద పోసి విసురుతూనే ఉండండి, ఇప్పుడు తాగే నీళ్ళని దాచుకునే సమయం కాదు. తెలివి సరిగా లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకండి, పొలమారుతుంది. ఒళ్ళు కాలుతోంది కదా అని జ్వరం మాత్ర వేయకండి. వడదెబ్బ వేడికి అది పనిచేయదు.

"నాకేం కాలేదు, మీరు పదండి" అనే మాట మన నాన్నల నోట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. దాన్ని లక్షణాల జాబితాలోనే కలిపేయండి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా ఇంకో సంగతి. మధ్యాహ్నాలు ఉన్నట్టుండి ఉరుములు, కుండపోత. బోడి బండ మీద పిడుగుకు దగ్గరగా ఉన్న ఎత్తయిన వస్తువు మీరే. పొడిగా ఉన్న వాగు ఎక్కడో పైన కురిసిన వానకు నిమిషాల్లో పొంగుతుంది. ఆకాశం నల్లబడితే దిగిపోండి, పారే నీళ్ళకు అడ్డంగా నడవకండి, కారు పోనివ్వకండి.

మధ్యాహ్నం ఏం చేయాలి?

ఏమీ చేయొద్దు. ఐసు పెట్టె తెరిచి మజ్జిగ తాగి, పులిహోర తిని, హోటల్‌కు వెళ్ళి ఏసీ వేసుకుని పడుకోండి. సెలవు పెట్టుకుని ఇంతదూరం వచ్చి పడుకోవడమేమిటని మా ఆయన గింజుకున్నాడు, రెండు గంటలకు గురక పెట్టాడు. పల్లెటూళ్ళో వేసవి మధ్యాహ్నం ఎవరైనా ఊరికే తిరుగుతారా? మూత్రం రంగు ముదురుగా ఉంటే ఇంకా నీళ్ళు చాల్లేదని గుర్తు. సాయంత్రానికి లేత పసుపుకు రావాలి.

ఏడు గంటలకు మళ్ళీ పార్కులోకి వెళ్ళండి. ఈసారి ఎక్కుడు లేదు. దారిలో బ్యాలెన్స్‌డ్ రాక్, 128 అడుగుల ఎత్తున రాయి మీద రాయి, కారు పక్కన ఆపి చుట్టూ తిరిగి రావచ్చు. అక్కడినుంచి విండోస్ అనే చోటు వైపు తిరిగితే డబుల్ ఆర్చ్, రానూపోనూ అరమైలు పైచిలుకు, దాదాపు చదును నేల. అమ్మ పొద్దున బండ ఎక్కుడు సగంలో ఆగిపోయి మా ఆయనతో కిందకు దిగిపోయింది. డబుల్ ఆర్చ్ కిందకు మాత్రం అందరికంటే ముందు నడిచింది. ఓపిక ఉంటే మర్నాడు తెల్లవారుజామున డెవిల్స్ గార్డెన్‌లోని ల్యాండ్‌స్కేప్ ఆర్చ్ పెట్టుకోండి. దాదాపు మూడు వందల అడుగుల పొడుగు, మధ్యలో సన్నటి రాతి పట్టీ. 1991లో దాని కిందినుంచి పెద్ద పలక ఒకటి ఊడిపడింది, అప్పటినుంచి కిందకు వెళ్ళే దారి మూసేశారు.

పొద్దు వాలాక కారు దగ్గర కూర్చుని పెరుగన్నం కలిపాం. అమ్మ సంచుల్లోంచి ఉల్లిపాయలు ఏరి తీసి ముక్కలు కోసి అందరికీ తలా రెండు వేసింది. తొక్కలు, గింజలు ఒక కవర్లో కట్టాం, పార్కులో ఏదీ పారేయకూడదు.

"అమ్మమ్మా, ఉల్లిపాయ నిజంగా పనిచేసిందా?" అని అడిగాడు మావాడు.

"ఎవరికైనా వడదెబ్బ తగిలిందా మరి?" అంది అమ్మ, ముక్క నములుతూ.